ఆషాఢపు తగ్గింపులు: లాభ మెవరికి?

ఆషాఢము వచ్చినది. తొలకరి జల్లులకు నేల పూర్తిగ దడిసినదో లేదో గాని, పట్టణములందలి వస్త్రదుకాణముల ముంగిళ్లు మాత్రము ఎఱ్ఱని అట్టలతోను, పచ్చని గుడ్డలతోను నిండిపోయినవి. విజయవాడలో బీసెంటు రోడ్డున నడచినను, రాజమహేంద్రవరమున మెయిన్ రోడ్డున నడచినను, సికిందరాబాదు జనరల్ బజారున నడచినను కంటబడు మాట లొక్కటే. "సగము ధర", "నూటికి 40 తగ్గింపు", "రెండు కొన్న నొకటి యుచితము". శుభకార్యములకు బనికిరాని శూన్యమాసమని మన పెద్దలు పక్కన బెట్టిన నెలను వర్తకులు తమ పర్వమాసముగా జేసికొనిరి. ఆషాఢముతో మొదలైన యీ సందడి స్వాతంత్ర్యదినమునకు, దసరాకు, దీపావళికి, సంక్రాంతికి పేర్లు మార్చుకొనుచు సంవత్సరమంతయు సాగుచున్నది.

ఈ తగ్గింపులు నిజముగా తగ్గింపులేనా? కొన్నవాని పెట్టెలో మిగులుచున్న సొమ్మెంత? ఇది యాడువారి చీరల ముచ్చటయని కొందఱు పెద్దలు నవ్వి త్రోసిపుచ్చుదురు. అది పొరపాటు. గృహస్థుని యాదాయ మే దారిని బోవుచున్నదో, నేతగాని కూలి యెవరి చేతిలో జిక్కుచున్నదో, రైతు విత్తనపు సొమ్మే వీధిలో గరగిపోవుచున్నదో తెలిసికొనవలెనన్న ఈ యట్టల వెనుక నేమున్నదో చూడక తప్పదు.

ముందుగా వర్తకుని పక్షమున జెప్పదగిన మాట చెప్పుదము. ఆషాఢమున పెండ్లిండ్లు లేవు. కొత్త కోడండ్రు పుట్టిండ్లకు బోవుదురు. రైతు దుక్కులతోను, నారుమళ్లతోను తలమున్కలై యుండును. వేసవి పెండ్లిండ్లకై తెచ్చిన సరకులో గొంత మిగిలిపోవును. ముందున్నది శ్రావణము. వరలక్ష్మీ వ్రతములకును, ముహూర్తములకును కొత్త సరకు దింపవలయును. పాత సరకు బీరువాలలో నున్నంతకాలము దానిపై బెట్టిన పెట్టుబడికి వడ్డీ నడచుచునే యుండును. దుకాణపు అద్దెయు, గుమాస్తాల జీతములును ఆగవు. మడతలు మాయును, రంగు వెలయును, జనుల మోజు మాఱును. కావున వేయి రూపాయలకు అమ్మదలచిన చీరను 700 రూపాయలకు విడిచినను వర్తకుడు నష్టపడినట్లు కాదు. ఆ 700 శ్రావణపు సరకునకు మఱల బెట్టుబడి యగును. ఇట్టి తగ్గింపు ధర్మమైనదే. అమ్మువానికి నిలువ తీఱును, కొనువానికి ధర దిగును.

ఈ యుపాయము మన దేశమున బుట్టినది కాదు. 19వ శతాబ్ది మధ్యమున పారిస్ నగరమందు ఆరిస్తీద్ బూసికో అను వర్తకుడు "బాన్ మార్షే" యను దుకాణమున బేరములేని నిర్ణీత ధరలను, కొన్న సరకును మార్చుకొను సదుపాయమును, ఋతువును బట్టి తగ్గింపు అమ్మకములను వ్యాప్తికి దెచ్చెను. అమెరికాలో ఫిలడెల్ఫియా పట్టణపు జాన్ వానమేకర్ 1878 జనవరిలో, క్రిస్టమస్ సందడి ముగిసి బజారు మందగించిన దినములలో, దుప్పట్లు మొదలగు తెల్లని వస్త్రములను తక్కువ ధరకు పెట్టి "తెల్ల సరకు అమ్మకము" నడపెను. వారి జనవరియే మన యాషాఢము. కొనువాడు రాని కాలమున వానిని వీధిలోనికి రప్పించుటయే రెండింటి తాత్పర్యమును.

మన బజారున పూర్వము నుండి యున్నది తగ్గింపు కాదు, కొసరు. కూరలమ్ము అవ్వ వంకాయలు తూచిన పిమ్మట రెండు రెబ్బల కరివేపాకో, పిడికెడు కొత్తిమీరయో బుట్టలో వేయును. ఆ కొసరు కంటికి గనబడును, చేతికి దగులును, కూరలో రుచియగును. నేటి తగ్గింపో, చీటీపై గొట్టివేసిన అంకెలో మాత్రమే కనబడును. "కొన్నది వంకాయ, కొసరినది గుమ్మడికాయ" యని పెద్దలు పరిహాసమాడినది యిట్టి బేరములను జూచియే కాబోలు! వంకాయ కొన్నవానికి గుమ్మడికాయను గొసరుగా నీయగలిగిన వర్తకుడు గుమ్మడికాయ వెలను ముందే వంకాయలో గలిపియుండవలయును గదా!

మా యనుభవ మొకటి చెప్పెదము. ఒక యేడు జ్యేష్ఠమాసమున మా యింటి వారితో గూడ నొక పట్టణమందలి పెద్ద దుకాణమునకు బోయితిమి. మంగళగిరి జరీయంచు చీర యొకటి చూచి ధర యడుగగా 2,400 రూపాయలనిరి. అప్పటి కవసరము లేనందున తిరిగి వచ్చితిమి. ఆషాఢము వచ్చి "నూటికి 40 తగ్గింపు" అను అట్ట వ్రేలాడగా మఱల బోయితిమి. అదే దుకాణము, అదే నేత, అదే యంచు. చీటీపై 4,000 అని అచ్చువేసి, దానిని గొట్టివేసి, క్రింద 2,400 అని వ్రాసియున్నది. కొత్త చీటీ క్రింద పాత చీటీ మూల కొంచెము పైకి లేచి కనబడుచున్నది.

"ఏమండీ, పోయిన నెలలో దీని ధర యింతయే గదా?" యని యడిగితిమి.

గుమాస్తా కుఱ్ఱవాడు సిగ్గుపడి, "బాబుగారూ, చీటీలు మేము అంటించము. పైనుండి అంటించి పంపుదురు. ఉన్నమాట చెప్పితిని, నా యుద్యోగము తీయింపకండి" యనెను.

వానిపై మాకు గోపము రాలేదు. ఆ 1,600 రూపాయల "లాభము" పొందితిమని మురియుచు మా పక్కనే యొక తల్లి మూడు చీరలు మూట గట్టించుకొనుచుండెను. ఆమెను జూచి బాధ కలిగెను. ఆమెకు తగ్గినది ధర కాదు, జాగ్రత్త.

అన్ని దుకాణములు నిట్లే చేయునని మేము చెప్పుట లేదు. ఉన్న నిలువను నిజముగా తగ్గించి అమ్ము వర్తకులను మేమెఱుగుదుము. చినుకులు ముగిసిన పిదప గొడుగులను, వేసవి చివర నూలు చొక్కాలను, చలి తగ్గినపుడు కంబళ్లను వారియొద్ద గొన్నవాడు నిజముగా లాభపడును. చిక్కంతయు నిందున్నది: నిజమైన తగ్గింపునకును, కల్పితమైన తగ్గింపునకును వెలుపల వ్రేలాడు అట్ట యొక్కటే.

పొట్లము గట్టిన సరకులపై పన్నులన్నియు గలిపి గరిష్ఠ చిల్లర ధరను అచ్చువేయవలయునని మన ప్రభుత్వము 1990లో నియమము చేసెను. పల్లెలో నొక ధరయు, పట్టణమున నొక ధరయు చెప్పి చిల్లర వర్తకుడు కొనువానిని దోచుకొనకుండుటకై యేర్పడిన కట్టుబాటిది. దానిని మించి అమ్మరాదు. తక్కువకు అమ్మవచ్చును. కాని కాలక్రమమున నేమైనది? కొనువానిని గాపాడుటకు గీచిన పై గీటు, అమ్మువాడు తన యౌదార్యమును గొలిచి చూపు మొదటి గీటుగా మాఱినది. ఎన్నడును ఎవ్వరును ఈయని ధరను పొట్లముపై నచ్చువేసి, అందుండి సగము తీసివైచి, సగము దానము చేసినట్లు చాటుచున్నారు. గరిష్ఠ ధర యనునది సరకు విలువ కాదు. చట్టము దాటరాదన్న హద్దు మాత్రమే. హద్దునుండి ఎంత దిగినారో చూచుట వలన బ్రయోజనము లేదు. ఆ సరకు ఇతరత్ర నేడెంతకు దొరకునో చూడవలయును.

ఇక లెక్కలకు వత్తము. "50 పై 20" యను తగ్గింపును జనులు 70 అని యెంచుదురు. వేయి రూపాయల సరకుపై 50 వంతున తీసిన 500 మిగులును. ఆ 500 మీద 20 వంతున తీసిన 400 మిగులును. తగ్గినది నూటికి 60, డెబ్బది కాదు. "రెండు కొన్న నొకటి యుచితము" అన్నది మూడింటికి మూడవ వంతు తగ్గింపు మాత్రమే. అదియు మూడును గావలసినవానికే. ఒకటి చాలినవానికి రెండవదియు మూడవదియు పెట్టెలో మడత విప్పక మాసిపోవును. "ఊరక వచ్చిన నాకొకటి, మా యన్నకొకటి" యనువాని చేతి సంచీయే వర్తకుని గుఱి.

తగ్గించిన ధరపై మఱల పన్ను కలుపు పద్ధతి యొకటి యుండెను. గరిష్ఠ ధరలో పన్నులన్నియు నిదివఱకే చేరియున్నవి గనుక, తగ్గింపు ధరపై వేఱుగ విలువాధారిత పన్ను వసూలు చేయుట అన్యాయమైన వర్తకపద్ధతియని జాతీయ వినియోగదారుల వివాద పరిష్కార సంఘము 2017 జనవరిలో తీర్పు చెప్పినది. ఈ సంగతి తెలిసిన కొనుగోలుదారులు నేటికిని కొద్దిమందియే. రసీదు చదువక మడిచి జేబులో బెట్టుకొను అలవాటు మనవారిని వీడలేదు.

బంగారపు దుకాణముల రీతి వేఱు. అక్షయ తృతీయకును, ధనత్రయోదశికిని "మజూరిలో నూటికి 50 తగ్గింపు" అని చాటుదురు. బంగారపు ధర నాటి బజారు ధర. అందు పైసా తగ్గదు. ఉదాహరణకు లక్ష రూపాయల బంగారమునకు మజూరియు తరుగును గలిపి నూటికి 18 వంతున 18,000 వేసిరనుకొందము. అందు సగము తీసివైచిన తగ్గినది 9,000. మొత్తము 1,18,000పై లెక్కించిన నిది నూటికి ఏడున్నర మాత్రమే. అట్టయే పెట్టక మొదటినుండి నూటికి 9 వంతున మజూరి పుచ్చుకొను పక్క వీధి దుకాణమున నీ నగ ఖరీదు సరిగా నంతే యగును. కావున నగ కొనువాడు తగ్గింపెంతయని యడుగరాదు. గ్రాము ధర యెంత, మజూరి యెంత, తరుగెంత, రాళ్ల బరువు తీసివేసిరా, హాల్‌మార్కు గుర్తున్నదా యని యడుగవలయును.

ఇంతవఱకు చెప్పినది చేతిలో రొక్కమున్నవాని సంగతి. అప్పుతో గొనువాని గతి మఱింత శోచనీయము. "వడ్డీ లేని వాయిదాలు" అను ప్రకటన నేడు ప్రతి దుకాణమునను గలదు. నూటికి సున్న వడ్డీ యనునది అసలే లేని వస్తువని భారతీయ రిజర్వు బ్యాంకు 2013 సెప్టెంబరులో బ్యాంకులకు స్పష్టముగా దెలియజేసినది. వడ్డీ ఎచటనో కలదు. సరకు ధరలో గలిసియుండును, లేదా రొక్కమునకు గొన్నవానికి దక్కు తగ్గింపు వాయిదావానికి దక్కకుండును, లేదా "ప్రాసెసింగు రుసుము" అను పేర తలుపు చాటునుండి వచ్చును. ఇక క్రెడిట్ కార్డుపై బాకీ నిలిచిన నూటికి నెలకు మూడు రూపాయలకు బైగా వడ్డీ పడుట సామాన్యము. పల్లెలో రెండు రూపాయల వడ్డీ పుచ్చుకొను షాహుకారును మనము రక్తము పీల్చువాడని నిందింతుము. చలువగదిలో గూర్చుండి మూడున్నర పుచ్చుకొనువానికి మాత్రము నవ్వుచు సంతకము చేయుదుము. "అసలుకంటె వడ్డీ ముద్దు" అను సామెత అప్పిచ్చినవానికే చెల్లును, పుచ్చుకొన్నవానికి గాదు.

ఆషాఢపు తగ్గింపులో మా మనస్సును మిక్కిలి కలచునది రైతు కుటుంబముల కథ. కృష్ణా డెల్టాలో నాలుగెకరముల మాగాణి గల గృహస్థు డొకడు మాకు బరిచితుడు. నారు పోసి, నాట్లకును ఎరువులకును కొంత రొక్కము పక్కన బెట్టుకొనెను. పట్టణమునకు ఎరువుల కొఱకై పోయిన దినముననే ఇంటిల్లపాదియు వస్త్రదుకాణమున నడుగు పెట్టిరి. కావలసినది పుట్టింటికి వచ్చిన కూతురునకొక చీరయు, పిల్లలకు గొన్ని బట్టలును. అన్నియు గలిపి 6,000. కొన్నది 18,000. చీటీలపై మొత్తము 30,000 అని యుండుటచే "12,000 మిగిల్చితిమి" అని సంతోషముతో నిల్లు చేరిరి. పది దినములకు నాట్లు వచ్చినవి. చేతిలో సొమ్ము తఱిగినది. 12,000 రూపాయలు నెలకు నూటికి రెండు రూపాయల వడ్డీకి దెచ్చిరి. కోతలై ధాన్యము చేతికి వచ్చునప్పటికి ఆఱు మాసములు; వడ్డీ 1,440. మిగిల్చితిమన్న 12,000 పెట్టెలో నెచటను లేదు. బాకీ తెచ్చిన 12,000 మాత్రము నోటుపై నున్నది.

"లెక్క యెచట దప్పినదండీ?" యని యాతడు మమ్ము బ్రశ్నించెను. లెక్క తప్పలేదు. ఖర్చు పెట్టిన సొమ్మును మిగిలిన సొమ్మని పిలుచుటయే తప్పు. 30,000 ఖర్చు పెట్టవలసినవాడు 18,000 ఖర్చు పెట్టిన 12,000 మిగిలినట్లు. 6,000 ఖర్చు పెట్టవలసినవాడు 18,000 ఖర్చు పెట్టిన 12,000 పోయినట్లు. వస్తువు నొక్కటే, ధర నొక్కటే. అవసరమును బట్టి లాభమో నష్టమో తేలును. విత్తనము వేయు కార్తెలోనే పట్టణము తన తలుపులు బార్లా తెఱచి రైతును బిలుచుచున్నది. దుక్కికి బోవలసిన సొమ్ము దుకాణమునకు బోయిన, ఆ యేటి పంట అంతమేర ముందే తాకట్టు పడినట్లే.

మఱియొక విచిత్రము గలదు. ఈ దేశమున నందఱికంటె గొప్ప తగ్గింపు నిచ్చువాడు రైతే. వాని తగ్గింపునకు అట్టలు లేవు, ప్రకటనలు లేవు. మదనపల్లె బజారున టమాటా 2023 జూలైలో కిలో నూరు రూపాయలు దాటి యమ్మినది. అదే టమాటా పంట విరగబండిన దినములలో కోతకూలి గిట్టక రోడ్డుప్రక్కన బారబోసిన సందర్భములును ఆ ప్రాంతము చూచినదే. వస్త్రవర్తకుడు తగ్గించిన దినమున వానికి లాభము తఱుగును గాని పెట్టుబడి పోదు. రైతు తగ్గించిన దినమున కూలియే పోవును.

ఇందుండియే నిజమైన ఋతుబేరమేదో గృహస్థునకు దెలియగలదు. మన యమ్మలు దీనిని బడికి బోకయే యెఱిగియుండిరి. కొత్త చింతపండు శివరాత్రి దాటిన దినములలో దిగును. గుంటూరు యార్డునకు మిరప రాశులుగా వచ్చునది వేసవి ముందటనే. కందులు సంక్రాంతి చుట్టుపట్ల కల్లములకు వచ్చును. ఆవకాయ మామిడి యెండలలో. ఏడాదికి సరిపడు చింతపండు గింజ తీసి, ఉప్పు కలిపి, జాడీలలో బెట్టుకొన్న యిల్లాలు వర్షాకాలపు ధరకు వెఱవదు. అచట ధర తగ్గుటకు కారణము సరకు సమృద్ధి. అట్టపై వ్రాత కాదు. అట్లు కొన్నపుడు పండించినవానికి సొమ్ము ముట్టును, తిన్నవానికి ఏడాది పొడుగున సుఖము. దేనిధర ఎందుకు దిగినదో కారణము తెలిసిన తగ్గింపును నమ్మవచ్చును. కారణము తెలియని తగ్గింపును సందేహింపవలయును.

చేనేత మాట చెప్పక యీ వ్యాసము ముగింపలేము. తగ్గించిన సొమ్మును ఎవరో యొకరు భరింపవలయును. వర్తకుని లాభమునుండి పోయిన మంచిదే. ప్రభుత్వ ఖజానానుండి పోయిన అదియు నొక విధమున సహింపదగినదే. నేతగాని కూలినుండి పోయినచో? పోచంపల్లిలో దారమునకు ముడులు గట్టి, రంగులద్ది, మగ్గముపై దినములకొలది శ్రమించి నేసిన చీర పోలికను మరమగ్గపు గుడ్డపై యంత్రముతో నచ్చువేసి, నాలుగవ వంతు ధరకు "పోచంపల్లి తగ్గింపు" అని అమ్ముచున్నారు. కొన్ని రకముల నేతను చేనేతకే ప్రత్యేకించుచు 1985లో చట్టము చేయబడెను. నిజమైన చేనేతకు గుర్తుగా 2006లో "హ్యాండ్లూమ్ మార్కు" ప్రవేశపెట్టబడెను. ఈ రెండును గలిగియు నకిలీ చీర తగ్గింపు బుట్టలో నగ్రస్థానమున నున్నది. దాని ధర చూచినవారు అసలు నేతగాని ధరను "అన్యాయము" అనుచున్నారు!

ఖాదీ భాండారములలో గాంధీ జయంతి రిబేటు మనకు జిరపరిచితము. ఆ రిబేటునకై జనులు కాచుకొని యుండి తక్కిన నెలలలో భాండారపు గడప త్రొక్కకపోవుటయు బరిచితమే. 2010లో కేంద్ర ప్రభుత్వము అమ్మకముపై రిబేటునకు బదులు ఉత్పత్తి విలువపై సహాయమిచ్చు పద్ధతిని దెచ్చి, అందు గొంత భాగము వడుకువారికిని నేయువారికిని ముట్టవలయునని నిర్ణయించెను. సహాయము కొనువాని చీటీపై గాక పనివాని చేతిలో బడవలెనన్న సూత్రము సరియైనది. చేనేత సహకార సంఘముల విషయమునను ఇదియే చెప్పవలసియున్నది. పండుగ రాయితీ ప్రకటించి, ఆ సొమ్ము సంఘములకు సకాలమున జెల్లింపనిచో నూలు కొనుటకు రొక్కములేక మగ్గమాగును. అప్పుడు ఆ తగ్గింపును ప్రభుత్వము ప్రకటించినట్లు, నేతగాడు భరించినట్లు అగును.

చౌకయను మాటకు ఈ జాతి యొకసారి గొప్ప మూల్యము చెల్లించినది. లాంకషైరు మిల్లుల గుడ్డ చౌకగా దిగినపుడు ఊరూర మగ్గములు మూలబడినవి. ఆ చౌక గుడ్డ ఖరీదును మన నేతగాండ్రు పస్తులతో చెల్లించిరి. 1905 ఆగస్టు 7న కలకత్తా టౌన్‌హాలు సభలో విదేశవస్తు బహిష్కారము ప్రకటితమైనపుడు, 1921 జూలై 31న బొంబాయిలో విదేశవస్త్రములు గుట్టలుగా దహింపబడినపుడు జనులు నేర్చిన పాఠమొక్కటే: వస్తువునకు చీటీపై నున్న ధర కాక, చీటీపై వ్రాయని ధర యొకటి గలదు. ఆ ఆగస్టు 7 నే 2015 నుండి జాతీయ చేనేత దినముగా జరుపుకొనుచున్నాము. ఆ దినమునను మనము తగ్గింపు అట్టనే వెదకుచుండుట ఎంతటి వింత!

అంగడికి బోనక్కఱలేకయే అఱచేతి ఫోనునందు కొను కాలమిది. 2014 అక్టోబరు 6న ఫ్లిప్‌కార్టు జరపిన మహావిక్రయమున సరకు క్షణములలో నైపోవుటయు, ధరలు మాఱుటయు జూచి జనులు ఆగ్రహింపగా, మఱునాడే స్థాపకులు క్షమాపణ చెప్పుకొనిరి. నాటినుండి ఏటేట ఈ యమ్మకములు పెరిగినవేగాని తగ్గలేదు. "రెండే మిగిలినవి", "పది నిమిషములలో ముగియును" అని తొందరపెట్టుట, చెప్పకయే బుట్టలో మఱొక వస్తువు చేర్చుట, చివరి మెట్టున రుసుములు బయటపెట్టుట మొదలగు 13 విధముల మోసపు పన్నుగడలను నిషేధించుచు కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికారసంస్థ 2023 నవంబరు 30న మార్గదర్శక నియమములు వెలువరించినది. నియమము మంచిది. అమలు జరుపువాని కన్ను తెఱచి యుండవలయును.

ప్రభుత్వము చేయవలసినది యింకొకటి గలదు. ఐరోపా సమాఖ్య 2019లో చేసి 2022 మే 28 నుండి అమలు జరిపిన శాసనము ప్రకారము, తగ్గింపు ప్రకటించు వర్తకుడు అంతకుముందు కనీసము 30 దినములలో తానమ్మిన అతితక్కువ ధరయేదో దానినే పాత ధరగా జూపవలయును. ఇట్టి నిబంధన మన దేశమున గట్టిగా నుండినచో, మేము చూచిన 4,000 రూపాయల చీటీ ఆ చీరపై నంటియుండెడిది కాదు. ఆ గుమాస్తా కుఱ్ఱవానికి తలవంచుకొనవలసిన పనియు నుండెడిది కాదు. నిజముగా తగ్గించి అమ్ము వర్తకులు దీనిని వ్యతిరేకింప నక్కఱలేదు. మొట్టమొదట మేలు పొందువారు వారే.

చట్టము వచ్చువఱకు గృహస్థుడు చేతులు ముడుచుకొని కూర్చుండ నేల? నాలుగు జాగ్రత్తలు చాలును. అట్టను జూడకమునుపే కావలసిన వస్తువుల పట్టిక యింట వ్రాసికొనవలయును. పట్టికలో లేనిది ఎంత చౌకయైనను ఖరీదైనదే. రెండవది, నెల ముందే ధర విచారించి గుర్తు వ్రాసికొనవలయును. కొట్టివేసిన అంకెకంటె తాను వ్రాసికొన్న అంకెను నమ్మవలయును. మూడవది, దారిఖర్చు, రుసుము, వడ్డీ కలిపి లెక్కింపవలయును. అప్పుతో గొన్న తగ్గింపు తగ్గింపు కాదు. నాల్గవది, రసీదు పుచ్చుకొని చదివి, మార్పిడి షరతు ముందే యడుగవలయును. మోసము జరిగెనా, 1915 అను జాతీయ వినియోగదారుల సహాయ సంఖ్యకు ఫోను చేసి ఫిర్యాదు వ్రాయింపవలయును. ఇది నూఱు రూపాయల పని గదా యని యూరకుండుట తగదు. నూఱు రూపాయలు పోయినవాండ్రు లక్షమంది యూరకుండుటయే ఈ వర్తకమునకు మూలధనము.

ఇక మొదటి ప్రశ్నకు వత్తము. ఈ తగ్గింపులు కొనదగినవేనా? చేతిలో రొక్కము, మనస్సులో పట్టిక, పాత ధర యెఱుక, ఈ మూడును గలవానికి ఆషాఢము నిజముగా లాభదాయకమే. అట్టివాడు వెలుపలి అట్టను జదువడు, లోపలి సరకును జదువును. ఈ మూడింటిలో నొక్కటి లేనివానికి ఆషాఢము శూన్యమాసమే. శూన్యమగునది వాని సంచీ. తగ్గింపు అట్ట ముందు నిలిచి ఎంత తగ్గించిరని యడుగుటకు బదులు, ఇది లేకున్న మన యింట నేమి కొఱత యని యొక్క నిమిషము తమ్ముదా మడిగికొని లోపలికి బోవుడని పాఠకులకు మా మనవి. ఆ ప్రశ్నకు సమాధానము దొరకినచో ధైర్యముగా గొనవచ్చును. దొరకనిచో ఇంటికి మఱలవచ్చును. పొలమున నాట్లు కాచుకొని యున్నవి.